మీరు అడిగారు: అమెరికా బానిసత్వం, పడమటి భూముల పంచాయితీ

అమెరికా అంతర్యుద్ధం (1861–65) మీద ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఉత్తరాలు బాగా వచ్చాయి. రాసినవాళ్లలో సివిల్స్‌కు చదివేవాళ్లున్నారు, టీచర్లున్నారు, పిల్లల్ని అమెరికా పంపిన పెద్దలున్నారు. ఒకే అర్థం వచ్చే ప్రశ్నల్ని కలిపేశాం.

దక్షిణాదిలో ఉన్న బానిసత్వం జోలికి పోనని లింకన్ ముందే చెప్పాడు. ఉత్తరాదిలో కూడా పూర్తి రద్దు కావాలన్నవాళ్లు తక్కువే. మరి యుద్ధం దేనికి వచ్చినట్టు? పుస్తకాల్లో ఒప్పందాల పేర్లు దొరుకుతున్నాయి గానీ కారణం దొరకడం లేదు.
– సివిల్స్ అభ్యర్థి, తిరుపతి

ఆ ఒప్పందాల పక్కన, వాటికి ముందు దేశానికి ఏ నేల కలిసిందో రాసుకోండి. 1803లో ఫ్రాన్స్ దగ్గర లూసియానా భూభాగాన్ని కోటిన్నర డాలర్లకు కొన్నారు. అందులోంచి మిస్సోరీ రాష్ట్రంగా రాబోతే 1819లో గొడవ మొదలైంది, 1820లో రాజీ కుదిరింది. 1845లో టెక్సాస్ కలిసింది, 1848లో మెక్సికోను ఓడించి కాలిఫోర్నియా దాకా లాక్కున్నారు. వెంటనే 1850 రాజీ. లూసియానా భూమిలో మిగిలిన భాగానికి ప్రభుత్వం ఏర్పాటు చేయబోతే 1854లో కాన్సాస్–నెబ్రాస్కా చట్టం. నేల పెరిగినప్పుడల్లా తగవు మొదటికొచ్చింది.

అసలు కిటుకు రాష్ట్రానికీ టెరిటరీకీ ఉన్న తేడాలో ఉంది. మన విద్యార్థులు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. రాష్ట్రం లోపల బానిసత్వం ఉండాలా వద్దా అన్నది ఆ రాష్ట్రం ఇష్టం, దాన్ని వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం ముట్టుకునే వీల్లేదు. ఈ మాట ఉత్తరాదిలో కూడా దాదాపు అందరూ ఒప్పుకున్నారు. టెరిటరీ అంటే ఇంకా రాష్ట్రం కాని భూమి. దానికి గవర్నర్‌ను దేశాధ్యక్షుడు వేస్తాడు, చట్రం కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఇస్తుంది. 1787 నార్త్‌వెస్ట్ చట్టం పెట్టిన లెక్క ప్రకారం 5 వేల మంది వయోజన స్వేచ్ఛా పురుషులు చేరితే అక్కడ శాసనసభ, 60 వేల జనాభా అయితే రాష్ట్ర హోదా అడిగే అర్హత. మరి ఈ మధ్యకాలంలో అక్కడికి బానిసల్ని తీసుకుపోవచ్చా? రాజ్యాంగం సూటిగా చెప్పలేదు.

దానికి నాలుగు జవాబులు తయారయ్యాయి. కాంగ్రెస్ నిషేధించవచ్చు అన్నది మొదటిది. 1846లో మెక్సికో నుంచి వచ్చే భూమి అంతటా బానిసత్వం వద్దని కాంగ్రెస్ సభ్యుడు విల్మట్ పెట్టిన సవరణ, తరువాత లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీ వైఖరి ఇదే. ఒక గీత గీసి పంచుకుందాం అన్నది రెండోది, 1820లో చేసింది అదే. అక్కడ స్థిరపడ్డవాళ్లే తేల్చుకుంటారు అన్నది మూడోది, ఇలినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ వాదన. బానిస అంటే ఆస్తి, ఆస్తిని ఏ టెరిటరీలోకి తీసుకుపోయినా ఎవరూ అడ్డుకోకూడదు అన్నది నాలుగోది. సౌత్ కరోలినా నేత కాల్హౌన్ మొదలుపెట్టిన ఈ వాదనకు 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పుతో సుప్రీంకోర్టు ముద్ర పడింది. మెయిన్స్‌లో ఈ నాలుగింటినీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు పట్టుకున్నారో రాస్తే జవాబుకు వెన్నెముక దొరికినట్టే. తేదీల దండ ఒక్కటే గుచ్చితే మార్కులు రావు.

దక్షిణాదికి అంత పట్టుదల ఎందుకంటే, ఒక కారణం కాంగ్రెస్ పైసభ సెనేట్. ఏ రాష్ట్రానికైనా ఇద్దరే సభ్యులు. 1819లో బానిస రాష్ట్రాలు, స్వేచ్ఛా (బానిసత్వం లేని) రాష్ట్రాలు 11–11. ప్రతినిధుల సభ సీట్లు మాత్రం జనాభాను బట్టి, అక్కడ ఉత్తరాదిదే పైచేయి. దాన్ని కొంత తగ్గించింది రాజ్యాంగంలోని అయిదింట మూడు వంతుల లెక్క. ఉదాహరణకు 3 లక్షల స్వేచ్ఛా జనం, 2 లక్షల బానిసలు ఉన్న రాష్ట్రాన్ని సీట్ల కోసం 4 లక్షల 20 వేలుగా లెక్కిస్తారు. ఓటు లేనివాళ్ల పేరున యజమానుల రాష్ట్రానికి సీట్లు! అయినా ఆ ఊతం చాలలేదు. 1850లో కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రంగా రావడంతో సెనేట్ సమతూకం కూడా పోయింది. 1858లో మిన్నెసోటా, 1859లో ఒరెగాన్ చేరాక 1860 నాటికి 18 స్వేచ్ఛా రాష్ట్రాలు, 15 బానిస రాష్ట్రాలు.

రెండో కారణం డబ్బు. 1790లో బానిసలు సుమారు 7 లక్షలు, 1860 నాటికి 39 లక్షల 50 వేలు దాటారు. వాళ్ల మీద యజమానులు కట్టిన విలువ దేశంలోని రైల్వేలు, ఫ్యాక్టరీల పెట్టుబడి మొత్తాన్ని మించిందని చరిత్రకారుల అంచనా. కొత్త పొలాలు తెరుచుకుంటేనే మనుషుల ధర పడిపోకుండా నిలుస్తుంది. అందుకే 'వ్యాపించనివ్వం' అన్న మాట దక్షిణాది చెవికి 'మెల్లగా చంపుతాం' అన్నట్టు వినపడింది. ఆ లెక్క తప్పు కూడా కాదు, అడ్డుకట్ట వేస్తే బానిసత్వం కాలక్రమంలో అంతరించిపోతుందని లింకన్ కూడా నమ్మాడు. 1860 అధ్యక్ష ఎన్నికలో ఆయన గెలిచింది 40 శాతం కన్నా తక్కువ ఓట్లతో, అయినా ఫలితాన్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లు 180 దక్కాయి. 1861 మార్చి 4న పదవిలోకి రాకముందే, 1860 డిసెంబరు 20న సౌత్ కరోలినా యూనియన్ (అమెరికా సమాఖ్య) నుంచి వెళ్లిపోయింది.

ఎనిమిదో తరగతి పిల్లలకు మ్యాప్ మీద చెప్పాలంటే ఏ గీతలు గీయించాలి? పిల్లలు మాసన్–డిక్సన్ గీతనూ మిస్సోరీ గీతనూ కలిపేస్తున్నారు.
– సోషల్ టీచరమ్మ, పలమనేరు

రాష్ట్రాల హద్దులు మాత్రమే ఉన్న ఖాళీ మ్యాప్ ఇవ్వండి. ముందు పెన్సిల్‌తో పెన్సిల్వేనియా, మేరీల్యాండ్ మధ్య హద్దు దిద్దించండి, అది మాసన్–డిక్సన్ గీత. దాని పడమటి కొస దగ్గర్నుంచి ఇంకా పడమటికి పోతే ఒహాయో నది తగులుతుంది. నదిని మిస్సిసిపీలో కలిసే దాకా నీలంతో గీయించండి. నదికి ఉత్తరాన 1787 నుంచే బానిసత్వం నిషేధం. మిస్సిసిపీ దాటాక మిస్సోరీ రాష్ట్రం దక్షిణ హద్దు పట్టుకోండి. ఆగ్నేయ మూలన కిందికి దిగే చిన్న ముక్క తప్ప, అదే 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం. అక్కడి నుంచి ఎర్ర గీత పడమటికి లాగాలి, ఇదే మిస్సోరీ గీత. దీనికి పైన బానిసత్వం వద్దన్నది 1820 రాజీ.

తప్పులు రెండు చోట్ల దొర్లుతాయి. ఎర్ర గీతను పసిఫిక్ సముద్రం దాకా లాగేస్తారు. అది లూసియానా భూమి హద్దు దగ్గరే ఆగాలి. 1820లో దాని అవతలిది అమెరికాది కాదు, కొన్నది లూసియానానే కాబట్టి రాజీ కూడా దానికే వర్తించింది. రెండోది, గీతకు పైన ఉంది కదా అని మిస్సోరీకి స్వేచ్ఛా రాష్ట్రం రంగు వేస్తారు. మిస్సోరీ ఒక్కదానికే మినహాయింపు. దానికి బదులుగా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ (Maine) స్వేచ్ఛా రాష్ట్రంగా వచ్చింది. చివరగా కాన్సాస్‌ను చూపించి, గీతకు ఏ వైపు ఉందో పిల్లల్నే చెప్పమనండి. పైనే ఉంది. ఈ గీతను రద్దు చేసిన 1854 చట్టం మీద ఉత్తరాది ఎందుకు మండిపడిందో అప్పుడు విడమర్చి చెప్పే పని ఉండదు.

పత్తి గింజ తీసే మిషన్ వస్తే కూలి పని తగ్గాలి కదా. బానిసత్వం పెరిగిందంటారేమిటి?
– రైతు, శ్రీకాళహస్తి మండలం

తగ్గింది గింజ తీసే పని. కోసే పని తగ్గలేదు, పెరిగింది.

సముద్రతీరంలో పండే పొడవు పింజ పత్తికి గింజ నున్నగా ఉంటుంది, రెండు రోలర్ల మధ్య నలిపితే సులువుగా ఊడుతుంది. లోపలి నేలల్లో పండేది పొట్టి పింజ. గింజకు నూగు అంటుకుని వదలదు. చేత్తో తీస్తే ఒక మనిషికి రోజంతా పడితే అర కిలో దూది. 1793లో ఎలీ విట్నీ చేసిన జిన్‌లో తిరిగే దుంగకు తీగె పళ్లుంటాయి. అవి సన్నటి సందుల్లోంచి దూదిని లాక్కుంటాయి, సందులో దూరలేక గింజ ఇవతలే రాలిపోతుంది. వెనక ఎదురు దిక్కుగా తిరిగే బ్రష్ పళ్లకు చిక్కిన దూదిని ఊడ్చేస్తుంది. బ్రష్ లేకపోతే పళ్లు నిమిషాల్లో పూడుకుపోతాయి. చేత్తో తిప్పే చిన్న జిన్‌తోనే రోజుకు 22 కిలోల దాకా వచ్చేది.

అడ్డంకి అక్కడ తొలగగానే పొట్టి పింజ పత్తి జార్జియా నుంచి అలబామా, మిస్సిసిపీ, టెక్సాస్ దాకా పాకింది. 1790ల మొదట్లో కొన్ని వేల బేళ్లు తీసిన దేశం 1860 నాటికి సుమారు 40 లక్షల బేళ్లు తీసింది. ఆ నేలలు ఖాళీగా పడి లేవు. 1830 చట్టంతో చెరొకీ, చోక్టా, క్రీక్ వంటి మూలవాసులను మిస్సిసిపీ అవతలికి తరిమేశారు. 1838–39లో చెరొకీల ప్రయాణంలోనే సుమారు 4 వేల మంది చనిపోయారని అంచనా. 1808 నుంచి ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతి నిషేధం కాబట్టి కొత్త పొలాలకు మనుషులు దేశం లోపలి నుంచే రావాలి. వర్జీనియా, మేరీల్యాండ్‌లో పొగాకు నేలలు సారం తగ్గిన యజమానులు మనుషుల్ని అమ్ముకున్నారు. జంటలు జంటలుగా సంకెళ్లు వేసి వందల మైళ్లు నడిపించారు, లేదంటే ఓడల్లో న్యూ ఓర్లీన్స్‌కు పంపారు. 1790–1860 మధ్య ఇలా తరలిపోయినవాళ్లు దాదాపు 10 లక్షలు. భార్య ఒక రాష్ట్రంలో, భర్త ఇంకో రాష్ట్రంలో మిగిలిపోవడం ఈ వ్యాపారంలో రోజువారీ సంగతి.

యుద్ధంలో ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవుల్ని మూసేస్తే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు పత్తి అందలేదు. మన బళ్లారి వైపు పత్తికి ఆ నాలుగేళ్లు ధర అందుకే లేచింది.

కాన్సాస్‌లో ఓటింగ్ పెట్టి తేల్చుకోమన్నారు కదా. ప్రజాస్వామ్యంగానే ఉంది, రక్తపాతం ఎందుకయింది?
– ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని, తిరుపతి

వినడానికి బాగుంటుంది. చట్టం రాసిన తీరులోనే లోపం ఉంది.

డగ్లస్‌కు కావలసింది షికాగో నుంచి పడమటికి రైలు దారి. దానికి దారిలోని కాన్సాస్, నెబ్రాస్కా భూమిలో ప్రభుత్వం ఏర్పడాలి, దానికి దక్షిణాది సెనేటర్ల ఓట్లు కావాలి. వాళ్లు అడిగిన ధర 1820 గీత రద్దు. ఇచ్చేశాడు. 1854 మే 30న చట్టమైంది. అక్కడి జనమే నిర్ణయిస్తారని రాశారు. ఎప్పుడు నిర్ణయించాలి? టెరిటరీగా ఉండగానా, రాష్ట్రం అవుతున్నప్పుడా? చెప్పలేదు. ఎన్నాళ్లు అక్కడ ఉంటే స్థానికుడు? అదీ చెప్పలేదు. పొరుగునే మిస్సోరీ, బానిస రాష్ట్రం. మధ్యలో దాటలేని అడ్డేమీ లేదు.

1855 ఫిబ్రవరి జనగణనలో ఓటు అర్హత ఉన్నవాళ్లు 2,905. మార్చి 30 ఎన్నికలో పడిన ఓట్లు 6 వేలు దాటాయి. మిస్సోరీ నుంచి గుంపులు తుపాకులతో వచ్చి ఓటేసి సాయంత్రానికి ఇంటికి మళ్లాయి. గవర్నర్ రీడర్ కొన్ని చోట్ల ఫలితాల్ని కొట్టేసినా మొత్తాన్ని కొట్టేయలేదు. ఆ శాసనసభ బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడడమే నేరంగా చట్టం చేసింది. స్వేచ్ఛా పక్షం దాన్ని గుర్తించక టొపీకాలో వేరే ప్రభుత్వం పెట్టుకుంది. ఒక టెరిటరీ, రెండు ప్రభుత్వాలు. వ్యవహారం ఎన్నికల్లోంచి తుపాకుల్లోకి మారిన చోటు ఇది. తూర్పు నుంచి స్వేచ్ఛా పక్షానికి షార్ప్స్ రైఫిళ్లు పెట్టెల్లో వచ్చాయి.

1856 మే నెలలో ఒక్క వారాన్ని చూడండి. 21న స్వేచ్ఛా పక్షం ఊరు లారెన్స్ మీద బానిసత్వ పక్షం దాడి. 22న వాషింగ్టన్‌లో సెనేట్ హాల్లోనే మసాచుసెట్స్ సెనేటర్ సమ్నర్‌ను దక్షిణాది సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో స్పృహ తప్పేలా కొట్టాడు, కాన్సాస్ మీద ప్రసంగించినందుకు. 24 రాత్రి పొటవాటమీ వాగు దగ్గర బానిసత్వాన్ని ఆయుధంతోనే అంతం చేయాలనే జాన్ బ్రౌన్ మనుషులు బానిసత్వ పక్షంవాళ్లను అయిదుగుర్ని ఇళ్లలోంచి లాగి నరికారు.

ఎక్కువ మంది వదిలేసేది లెకాంప్టన్ రాజ్యాంగం, అంటే కాన్సాస్ రాష్ట్రం కోసం బానిసత్వ పక్షం లెకాంప్టన్ ఊళ్లో రాసిన రాజ్యాంగం. మీరు వదలకండి. 1857లో దాన్ని జనం ముందు పెట్టిన పద్ధతిలో 'బానిసత్వంతో' లేదా 'బానిసత్వం లేకుండా' అని రెండే దారులు. రెండోదానికి ఓటేసినా అప్పటికే ఉన్న బానిసలు బానిసలుగానే ఉంటారు! మొత్తం రాజ్యాంగమే వద్దనే వీలు బ్యాలెట్‌లో లేదు. స్వేచ్ఛా పక్షం ఆ ఓటింగ్‌ను బహిష్కరించింది. అధ్యక్షుడు బ్యుకానన్ దాన్నే కాంగ్రెస్‌కు పంపితే, డగ్లసే తన పార్టీ అధ్యక్షుడి మీద తిరగబడ్డాడు. 1860లో డెమొక్రటిక్ పార్టీ రెండుగా చీలడానికి బీజం అక్కడ పడింది. చివరికి 1858 ఆగస్టులో సరైన ఓటింగ్ జరిగితే వ్యతిరేకంగా 11,300, అనుకూలంగా 1,788.

ఇంత జరిగిన కాన్సాస్‌లో 1860 జనాభా లెక్కల ప్రకారం మొత్తం జనం లక్షకు పైగా, బానిసలు ఇద్దరు.

డ్రెడ్ స్కాట్ తీర్పు నాలుగు ముక్కల్లో చెప్పండి.
– డిగ్రీ విద్యార్థి, పుత్తూరు

మిస్సోరీకి చెందిన బానిస డ్రెడ్ స్కాట్‌ను యజమాని ఇలినాయ్ రాష్ట్రానికీ, బానిసత్వం నిషేధించిన ఉత్తర టెరిటరీకీ తీసుకుపోయాడు. అక్కడ నివసించాను కాబట్టి నేను స్వేచ్ఛాపరుణ్ణని స్కాట్ 1846లో కోర్టుకెక్కాడు. 1857 మార్చి 6న సుప్రీంకోర్టు 7–2తో కొట్టేసింది. నల్లజాతివాళ్లు అమెరికా పౌరులు కాలేరనీ, టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదనీ ప్రధాన న్యాయమూర్తి టానీ రాశాడు. దీంతో రిపబ్లికన్ల ప్రధాన హామీ చెల్లకుండా పోయింది. కాంగ్రెస్‌కే లేని అధికారం టెరిటరీ సభకు ఎక్కడిది అన్న ప్రశ్నతో డగ్లస్ సిద్ధాంతం కూడా ఇరుకున పడింది. తగవు తీర్చబోయి కోర్టు రాజీకి ఉన్న దారులు మూసేసింది.

పడమట 160 ఎకరాలు ఉచితంగా ఇచ్చారట. నిజమా? షరతులేమిటి?
– మామిడి రైతు, బంగారుపాళ్యం

నిజమే, 1862 హోమ్‌స్టెడ్ చట్టం. కొలత ఇలా ఉండేది: ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఒక టౌన్‌షిప్, అందులో చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు. ఒక సెక్షన్ 640 ఎకరాలు, అందులో పావు 160. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి, లేదా కుటుంబ పెద్ద అయి ఉండాలి. ఒంటరి ఆడవాళ్లు కూడా పెట్టుకోవచ్చు. అమెరికా మీద ఆయుధం పట్టి ఉండకూడదు. ల్యాండ్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి ఫీజు కట్టాలి, ఇల్లు వేసుకోవాలి, అయిదేళ్లు ఉండి సాగు చేయాలి. ఆ తర్వాత ఇద్దరు సాక్షులను తీసుకుపోయి రుజువు చేస్తే పట్టా. ఆగలేనివాళ్లు ఆరు నెలల తర్వాత ఎకరా డాలరుం పావు చొప్పున కట్టేసి కొనుక్కోవచ్చు.

బెడిసింది నీళ్ల దగ్గర. నూరో రేఖాంశం దాటితే ఏడాదికి 20 అంగుళాల లోపే వాన, ఇంచుమించు మన అనంతపురం పరిస్థితి. ఒహాయోలో కుటుంబాన్ని హాయిగా పోషించే 160 ఎకరాలు అక్కడ గోధుమకు చాలవు, పశువులకు అసలే చాలవు. చాలామంది మధ్యలోనే వదిలేశారు. మోసాలూ జరిగాయి. పశువుల కంపెనీలు, కలప కంపెనీలు కూలికి మనుషుల్ని పెట్టి వాళ్ల పేర్ల మీద దరఖాస్తులు వేయించి భూమి రాయించుకున్నాయి. ఈ బినామీ విద్య మనకు కొత్తదేమీ కాదు.

ఈ చట్టం 1862 దాకా ఎందుకు ఆగిందంటే మళ్లీ అదే తగవు. ఉచిత భూమి అంటే చిన్న రైతులు, చిన్న రైతులంటే మరిన్ని స్వేచ్ఛా రాష్ట్రాలు. అందుకే దక్షిణాది అడ్డం తిరిగింది, 1860లో ఆమోదం పొందిన బిల్లును బ్యుకానన్ వీటో చేశాడు. దక్షిణాది సభ్యులు వెళ్లిపోయాక పసిఫిక్ రైల్వే చట్టంతో పాటు ఇదీ సాఫీగా గట్టెక్కింది. అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న. లింకన్ బానిస విమోచన ప్రకటన కూడా అదే రోజు.

జార్జియాలో ఉన్న మా అబ్బాయి, అక్కడ కొందరు యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసం జరిగిందంటారని చెప్పాడు. ఎంతవరకు నిజం?
– విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు

దేని మీద హక్కు అని అడగమనండి. విడిపోయినప్పుడు ఆ రాష్ట్రాలు విడుదల చేసిన ప్రకటనలు అందుబాటులోనే ఉన్నాయి. బానిసత్వం ప్రపంచంలోనే అతి పెద్ద ఆర్థిక ప్రయోజనమనీ తమ స్థితి దానితో ముడిపడి ఉందనీ మిసిసిపీ ప్రకటన మొదట్లోనే ఉంటుంది. సౌత్ కరోలినా ఫిర్యాదు ఇంకా విచిత్రం: ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసల్ని పట్టివ్వకుండా సొంత చట్టాలు చేసుకుంటున్నాయని! అంటే అక్కడ రాష్ట్రాల హక్కు వాడుకున్నది ఉత్తరాది.

1850 పారిపోయిన బానిసల చట్టం చూడండి. పట్టుబడినవాడికి జ్యూరీ లేదు, తన తరపున సాక్ష్యం చెప్పే వీలు లేదు. యజమానికి అప్పగిస్తే కమిషనర్‌కు 10 డాలర్లు, వదిలేస్తే 5. సాయం చేసినవాళ్లకు వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. కేంద్ర ప్రభుత్వం చేయి ఉత్తరాది ఊళ్లలోకి ఇంత లోతుగా దూరాలని పట్టుబట్టింది దక్షిణాదే. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీ రాసుకున్న రాజ్యాంగంలో కూడా టెరిటరీల్లో బానిసత్వాన్ని గుర్తించి కాపాడాలని ఉంది. సుంకాల వల్ల యుద్ధమొచ్చిందనే వాదనా వినపడుతుంది. 1857లో సుంకాలు బాగా తగ్గాయి. పెంచిన మోరిల్ చట్టం 1861 మార్చిలో, ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాక వచ్చింది.

దక్షిణాదిలో బానిసలున్న కుటుంబాలు నాలుగో వంతుకు కాస్త పైన అంతే, మిగతావాళ్లు ఎందుకు పోరాడారన్నది న్యాయమైన ప్రశ్నే. సొంత ఊరి రక్షణ, నిర్బంధ సైనిక చట్టం, తెల్లవాళ్లమనే హోదా పోతుందన్న భయం, అన్నీ ఉన్నాయి. సిపాయి ఎందుకు పోయాడన్నదీ ప్రభుత్వం ఎందుకు యుద్ధానికి దిగిందన్నదీ వేరువేరు.

మా ప్రాంతం నుంచి దక్షిణాఫ్రికా చెరుకు తోటలకు పోయిన కూలీలనూ అమెరికా బానిసలనూ ఒకటిగా చూడొచ్చా?
– పాఠకురాలు, నగరి

దగ్గరి పోలికలున్నాయి, ఒకటి కాదు. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. ఆ జిల్లా నుంచి నాటాల్‌కు చాలామంది వెళ్లారు. మద్రాసు నుంచి మొదటి ఓడ 'ట్రూరో' డర్బన్ చేరింది 1860 నవంబరు 16న, లింకన్ గెలిచిన పది రోజులకు. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం, పైన తిండి. అనుమతి లేకుండా తోట దాటితే జైలు, కొరడా దెబ్బలూ తెలియనివి కావు. అయినా గడువు ఉంది, పుట్టిన బిడ్డ యజమాని సొత్తు కాదు. అమెరికాలో గడువు లేదు, తల్లి బానిస అయితే బిడ్డా బానిసే. ఈ సూత్రాన్ని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. తండ్రి యజమానే అయినా మార్పు లేదు.

అమెరికా సైన్యం ఒంటెల్ని కొన్నదట! ఇది ఈ కథలోదేనా?
– ఇంటర్ విద్యార్థి, మదనపల్లె

ఈ కథలోదే. మెక్సికో నుంచి వచ్చిన నైరుతి ఎడారుల్లో సైన్యానికి సామాన్లు మోయడానికి 1855లో కాంగ్రెస్ 30 వేల డాలర్లు ఇచ్చింది. అడిగినవాడు యుద్ధ శాఖ మంత్రి జెఫర్సన్ డేవిస్, తరువాత కాన్ఫెడరసీ అధ్యక్షుడు. 1856లో మొదటి ఒంటెలు టెక్సాస్‌లోని ఇండియనోలా రేవులో దిగాయి. బరువు బాగా మోశాయి, నీళ్లు లేకుండా నడిచాయి. కానీ వాటి వాసనకు గుర్రాలు, కంచర గాడిదలు బెదిరి పారిపోయేవి, సిపాయిలకు వాటిని మేపడం రాలేదు. డేవిస్ మనసు ఆ నైరుతి దారి మీదే ఉండేది. పసిఫిక్‌కు రైలు దక్షిణాది మీదుగా పోవాలని పట్టుబట్టి, అందుకు అనువైన చదును నేల కోసం మెక్సికో నుంచి గాడ్స్‌డెన్ భూమిని కోటి డాలర్లకు కొనిపించిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. అక్కడ రైలు పడకముందే యుద్ధం వచ్చింది, ఒంటెల్ని తరువాత వేలం వేశారు.